నగరి కండువా వార్త, దాని సవరణ

అసెంబ్లీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన వారంలోనే నన్ను తిరుపతి డెస్కు ఇన్‌చార్జిగా వేశారు. మండల విలేకరులు పంపే వార్తలను సబ్ ఎడిటర్లు దిద్దుతారు. ఏది వేయాలి, ఏ శీర్షిక పెట్టాలి అన్నది ఇన్‌చార్జి తేలుస్తాడు. నా కళ్లు గప్పి తప్పు పోదన్న పొగరు నాకుండేది, దాచడం దేనికి.

ఎన్నికలప్పుడు మాకు కండువా వార్తలు ఎడతెగకుండా వస్తాయి. నాయకుడొకడు ఎవరి భుజాన పార్టీ కండువా కప్పితే వాళ్లు ఆ పార్టీలో చేరినట్టు. ఫొటోయే సాక్ష్యం. అయినా డెస్కులో ఒక నియమం ఉంది: చేరినాయనకు ఫోన్ చేసి, ఆయన నోట అవునన్న మాట విన్నాకే వేయాలి.

ఒక మధ్యాహ్నం నగరి నుంచి ఫొటో వచ్చింది. అక్కడి మరమగ్గాల కార్మిక సంఘం అధ్యక్షుడు మునిరత్నం భుజాన ఒక అభ్యర్థి కండువా కప్పుతున్నాడు. రంగు ఆ అభ్యర్థి పార్టీదే. మునిరత్నానికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మగ్గాల మోతలో ఫోన్ వినబడదన్న సంగతి నాకు తట్టనైనా లేదు. ఇంతలో మిగతా పత్రికలకూ అదే వార్త అందిందని తెలిసింది. ఇంతమంది రాస్తుంటే ఇంకేం కావాలనుకుని, ఆయన పార్టీలో చేరినట్టు శీర్షిక నేనే పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్. "ఏం సార్, నేను యాడికి పోయినాను? ఆ తువ్వాల నా మగ్గం మింద నేసింది, రంగు కలిసిందంతే. ఇంటికొచ్చిన మనిషికి కప్పినాను. ఆయన తీసి మళ్లా నాకే కప్పినాడు. ఈడ మర్యాదంటే అదే. ఎల్లుండి ఓనర్లతో కూలి మాటలుండాయి సార్. ఏ పార్టీ వాడూ కాదనే కదా నన్ను పంపేది!"

నాకు తల కొట్టేసినట్టయింది. వాకబు చేస్తే, మునిరత్నం ఇంటి మగ్గాల షెడ్డుకు వెళ్లింది ఒక్క విలేకరే. అతడు రాసింది మిగతావాళ్లు వాట్సాప్‌లో తీసుకుని, అక్కడక్కడా మాటలు మార్చి ఎవరి పత్రికకు వాళ్లు పంపారు. మా వృత్తిలో అది మామూలే. నాకూ తెలుసు. తెలిసి కూడా ఒకడి మాటను అందరి సాక్ష్యంగా తీసుకున్నాను.

సవరణ అదే పేజీలో, అంతే సైజులో వేయాలని, తప్పు నాదేనని పైవాళ్లకు రాసిచ్చాను. వాళ్లు లోపలి పేజీ అడుగున మూడు లైన్లు వేశారు. తాను ఏ పార్టీలోనూ చేరలేదని మునిరత్నం తెలిపారట. తప్పు మాదన్న ముక్క లేదు. ఆనాటి నుంచి నేను టీకి లేస్తే డెస్కులో ఎవరూ వెంట రాలేదు. నాతో కనబడితే పైవాళ్ల కోపం తమ మీదికి వస్తుందని వాళ్ల భయం. రోజూ ఒక్కణ్ణే వెళ్లి తాగి వచ్చేవాణ్ణి. బాధగానే ఉండేది.

వారం తర్వాత పుత్తూరు మీదుగా బస్సులో నగరి వెళ్లాను. షెడ్డులో మునిరత్నం ఒక్కడే ఉన్నాడు. మగ్గం ఆపి కుర్చీ వేశాడు. కూలి మాటలకు వేరొకర్ని పంపారని చెప్పాడు.

"మీ సవరణ అందరూ సదివినారు సార్. మొదట పోయినాడు, గొడవయ్యేకొందికి ఎనక్కి వచ్చినాడు అంటా ఉండారు. మీ సవరణకు ముందు వాళ్ల లెక్కలో ఒకతూరి మారినోణ్ణి. ఇప్పుడు రెండుతూర్లు."

ఆయన భార్య కాఫీ తెచ్చి పెట్టి, పలకరించకుండానే లోపలికి వెళ్లిపోయింది. చుట్టూ షెడ్డుల్లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. నేనున్నంతసేపూ ఇటు తొంగిచూసిన మనిషి లేడు. ఇదివరకు సాయంత్రమైతే కూర్చోను చోటుండేది కాదని ఆయనే చెప్పాడు.

సవరణ వేస్తే తప్పు మాసిపోతుందని అప్పటిదాకా నమ్మాను. మాసిపోదు. జనం దాన్ని మొదటి వార్తకు కొనసాగింపుగానే చదువుతారు. ఆ తర్వాత నా దగ్గర చేరిన సబ్ ఎడిటర్లకు ఒకటే చెప్పేవాణ్ణి: ఎంతమంది పంపారో చూడకండి, కళ్లారా చూసింది ఎంతమందో అడగండి. నగరి వార్తను చూసినవాడు ఒక్కడు. వాడూ గుమ్మంలో నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

నేను పదవీ విరమణ చేసేనాటికి కూడా మునిరత్నాన్ని సంఘం కూలి మాటలకు మళ్లీ పిలవలేదు.