రెండో గ్రూపు

ఆ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ వెనక మా కాలనీ గ్రంథాలయంలో ఉన్నవి ఇవి: రెండు పొడవాటి బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, నా ల్యాప్‌టాప్, ప్రింటు తీసిన సభ్యుల జాబితా. ఉన్నవాళ్లు: అధ్యక్షుడు యాదగిరన్న, మీటింగుకు వచ్చిన సభ్యులు, నేను. గుమ్మంలో చేగోడీల డబ్బాతో కామేశ్వరి టీచర్. ఎనిమిదేళ్లుగా మోస్తున్న బరువు అక్కడ మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

టీచర్‌ది భీమవరం వైపు. ప్రతి ఆదివారం మా గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదివి వినిపించేవారు. ఇంట్లో ఒంటరి మనిషి. వారమంతా ఆ గంట కోసమే ఉండేవారు. చిన్నప్పుడు నాకు నత్తి. తనతోపాటు కథలు బిగ్గరగా చదివించి, నాకు మాట తెప్పించింది ఆవిడే.

"ఇదీ ఆంధ్రోళ్లే నడిపితే మనమెందుకు?" అని అప్పట్లో కాలనీ అంతా అనేది. ఒకరోజు యాదగిరన్న పిలిచి, "నువ్వు మనోడివే గద తమ్మీ? జర చూడు" అన్నాడు. అంతే. పద్ధతి నాకే తట్టింది. సభ్యత్వం రెన్యూ చేసుకోమనే నోటీసు ఏటా వాట్సాప్ గ్రూపులో పెట్టేది నేనే. ఆ ఏడు కోస్తావాళ్లను వదిలేసి రెండో గ్రూపు తెరిచాను. నోటీసు అందులోనే పెట్టాను. గడువు దాటింది, పేర్లు పోయాయి. అంతా నిబంధన ప్రకారమే.

ఆవిడ ఒక్కరినైనా చేర్చలేకపోయానా? ఆ పేరు దగ్గర నా వేలు ఆగిన మాట నిజం, ఆగి కూడా కిందికి జరిగిన మాట అంతకన్నా నిజం.

"సభ్యులు కానోళ్లు ఈడ చదవొద్దు మేడం. రూలంటే రూలే. ఏం జేస్తం?" అన్నాడు ఆ ఆదివారం యాదగిరన్న.

టీచర్ నా వైపు తిరిగారు. "ఏం నాన్నా, నా పేరెలా పోయిందంటావు?"

"సిస్టమ్‌లో ఏదో తప్పు మేడం" అన్నాను. ఒక్క అక్షరమూ తడబడలేదు.

"పోనీలే, మిషనుకేం తెలుస్తుంది మన సంగతి! నువ్వు దిగులు పెట్టుకోకు" అని, డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత కథలు చదివేవాళ్లు లేరు. పిల్లలు కొన్ని వారాలు వచ్చి చూసి, మానేశారు.

ఇప్పటికీ చంపాపేట్ మార్కెట్లో కనిపిస్తే, "నీ మిషను బాగైందా నాన్నా?" అని నవ్వుతారు. బాగైందంటాను. నిజం చెబితే వెంటనే క్షమించేస్తారు. అదే నా భయం.

రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతకు మించి అడగను. ఆ ఏడు సభ్యులు అరవై నాలుగు మంది. నేను నోటీసు అందనివ్వనిది ఇరవై ముగ్గురికి.