ముందే చెప్పిన సాక్ష్యం

ముత్తుకూరులో నాది లారీ టైర్ల పంచర్ షాపు. టైరు తిరగేసేటప్పుడు ఆయాసం వస్తుంటే పొగ, దుమ్ము వల్ల అనుకున్నా. స్కానింగ్ తీస్తే రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన గడ్డ ఉందన్నారు. భయపడలేదంటే అబద్ధం.

మా అమ్మ మాత్రం ఏడవలా. చర్చిలో స్త్రీల కూడిక నడిపే మనిషి, ప్రార్థన మొదలుపెడితే ఆపేవాళ్లు లేరు. ఉపవాసముండి ఒకటే మాట పట్టుకుంది. "ప్రభువా, నా బిడ్డ రొమ్ము మీద కత్తి పడనీయొద్దు." నాకు విసుగొచ్చేది. "గడ్డ పోవాలని అడగమ్మా, కత్తి సంగతి డాక్టరు చూసుకుంటాడు" అని కసిరేవాణ్ణి.

మద్రాసులో డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పినారు. పక్కటెముకల సందున చిన్న బొక్కలు పెట్టి, ఒకదాంట్లో కెమెరా పంపి, గడ్డను సంచిలో వేసి లాగేస్తారంట. ఎముక కోసే పని లేదు, తొందరగా ఇంటికి పోవచ్చు. "పెద్ద రక్తనాళానికి అతుక్కొని ఉంటే మాత్రం రొమ్ము తెరవాల్సిందే" అని కూడా అన్నారు. అమ్మ ఆ రెండో మాట వింటేగా! అప్పటికే కళ్లు మూసుకొని స్తోత్రాలు మొదలుపెట్టేసింది.

ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. "దేవుడు నా మొర విన్నాడు. కత్తి లేకుండానే నా బిడ్డకు ఆపరేషన్ చేయిస్తున్నాడు." అందరూ చప్పట్లు కొట్టినారు. ఇంకా కానిదానికి సాక్ష్యమేందని నాకు గుబులేసింది గానీ, ఆమె మొహం చూసి నేనూ చప్పట్లు కలిపినా.

గడ్డ అతుక్కొనే ఉంది. బొక్కలతో మొదలుపెట్టి, చివరికి ఎముక కోసి తీసినారు. మొత్తం వచ్చేసింది, క్యాన్సర్ కాదన్నారు. నాకు తెలివొచ్చి చూస్తే మెడ కింద నుంచి పొడుగునా కట్టు. అమ్మ దాని వంక చూసి తల తిప్పుకుంది.

ఇంటికొచ్చినాక కూడిక ఆడవాళ్లు బత్తాయిలు పట్టుకొని చూడొచ్చినారు. "కత్తే లేదన్నావు గదక్కా?" అని ఒకామె అననే అనింది. నాకు ఒళ్లు మండిపోయింది. కేకేద్దామంటే రొమ్ము పట్టేసి దగ్గొచ్చింది. అమ్మ లేచి లోపలికి పోయింది.

వాళ్లు పోయినాక అడిగినా. "బతికొచ్చినాను గదమ్మా, చాలదా నీకు? దేవుడి మీద అలిగినావా ఏంది?"

"ఛ, ఆయన మీద అలిగేదేంది నాయనా? నువ్వు బతికినావు, అదే పదివేలు. ఆయన చెప్పని మాట ఆయన పేరు మీద చెప్పినాను నేను. అబద్ధ సాక్ష్యం. ఇంక ఏ మొహం పెట్టుకొని అడిగేది?"

పాస్టరు గారు వచ్చి నచ్చజెప్పినా వినలా. కూడికకు పోవడం మానేసింది. ఇప్పుడు నాకు ఆయాసం లేదు, టైర్లు తిప్పుతుండా. అయినా ఏం సుఖం? మద్రాసుకు నేనొక్కణ్ణే పోయుంటే ఆ డాక్టరు మాట అమ్మ చెవిన పడేది కాదు గదా అని ఇప్పటికీ కుమిలిపోతుంటా.

నిన్న మధ్యాహ్నం చేపల పులుసు వడ్డించింది. నేను చెయ్యి పెట్టకుండా ఆగినా.

"ప్రార్థన చెయ్యమ్మా."

"నువ్వు చెయ్యి."

నాకు సరిగా రాదు. ఏదో నాలుగు మాటలని, "మా అమ్మ అబద్ధమాడలేదు ప్రభువా, ఆశపడిందంతే" అన్నా. అమ్మ అంటుందేమోనని ఆగి, ఆఖరికి ఆమేన్ నేనే చెప్పుకున్నా. కళ్లు తెరిస్తే అమ్మ నా పళ్లెంలో ఇంకో గరిటె పులుసు పోస్తుండాది.