తడిగుడ్డలో చుట్టిన రెమ్మ

ఫ్యాక్టరీలో ఆ ముసలి తోటమాలిని అందరూ నాలుక తాత అనేవారు. అక్కడిది ఉప్పు తేలిన చౌడు నేల, గడ్డి కూడా మొహం చాటేసేది. బతికేది ఒకే పొద: సన్నటి సూదుల్లాంటి ఆకులు, వేసవిలో గులాబీరంగు పూలగుత్తులు. అచ్చం అలాగే ఉండే మంచినేల మొక్క ఇంకొకటుంది. పూత లేనప్పుడు ఏది ఏదో పోల్చుకోవడం తలలు పండిన వాళ్ల వల్ల కూడా కాదు. తాతకు మాత్రం చిటికెలో పని. రెమ్మ తుంచి నాలుకకు ఆనించుకునేవాడు. అసలుదైతే ఆకుమీద ఉప్పు చెమటలా పట్టి ఉంటుంది.

ఆ నాలుకకే పుండు లేచింది. ఆసుపత్రిలో పుండును మాడ్చారు, దాంతోపాటు రుచీ పోయింది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగానికి నీళ్లొదులుకోవలసిందే.

కొత్త మొక్కల లోడు వచ్చింది. "తాతా, పచ్చదనం తనిఖీకి నెలే ఉంది. ఈసారి ఎండిపోతే నిన్ను నేను కాపాడలేను. ఇవి అవునో కాదో రేపు పొద్దున్నే చెప్పు" అన్నాడు సూపర్‌వైజర్.

తాత ఒక రెమ్మ తుంచాడు. తోటమాలి చెయ్యి కదా, వాడకుండా తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"నువ్వు నాకి చెప్పవే."

"చప్పగా ఉందయ్యా. ఉప్పన్న మాటే లేదు" అంది భార్య.

మర్నాడు తాత లోడంతా కాదన్నాడు. నర్సరీ మనిషి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పాతికేళ్ల నాలుకను నమ్మి సూపర్‌వైజర్ ఆ మొక్కల్ని గోడవతల పారబోయించాడు. వేరేచోటి నుంచి తెప్పించినవాటిని అక్కడికక్కడే తేల్చమంటే, తాత ఊరికే నాలుకకు ఆనించి అవుననేశాడు; అవి పది రోజుల్లో మాడి మసయ్యాయి. తాతను పొమ్మన్నారు.

చివరి రోజు భార్య వచ్చింది. ఇద్దరూ గోడవెంట నడిచారు. చెత్తకుప్పలో ఆ పారబోసిన మొక్కలు పచ్చగా నిలబడి ఉన్నాయి. తాత కాళ్లు ఆగిపోయాయి.

"మళ్లీ చూడవే ఒకసారి."

ఆమె రెమ్మ తుంచి నాలుకకు ఆనించింది. ఉప్పు చురుక్కుమంది. ఆ రోజు గుడ్డ నుంచి నీళ్లు కారడం అప్పుడు గుర్తొచ్చింది. తడిగుడ్డతో ఎదుటివాళ్ల గొంతులు కోసేవాళ్లుంటారు. ఈ పిచ్చిమారాజు తన గొంతే కోసుకున్నాడు.

"చప్పగానే ఉంది. సంచుల్లో మంచి మట్టి ఉందిగా, అందుకే ఇంకా పచ్చగా ఉన్నాయి."

తాత గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. "నే చెప్పలా!"

"చెప్పావులే, పద" అంటూ చెయ్యి పట్టుకుంది. అవి మొగ్గ తొడగడానికి ఇంకో నెల పడుతుంది. ఆ తర్వాత ఆయన్ని ఈ దారిన రానివ్వకూడదు.