ముక్కు వంగిన జీపు

బోల్టక్క చేతులు మోచేతుల దాకా కిరోసిన్ తొట్టిలో ఉన్నాయి. వేలి కొసలతో ఒక్కో గేరు పన్నునూ తడుముతూ, ఏళ్లనాటి మడ్డిని రుద్ది తీస్తోంది. ఒక్క పన్నూ విరగలేదు. ఒక్కటీ అరగలేదు. రెండు గేర్లను చేతిలోనే కలిపి తిప్పింది. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగాయి.

"అత్తయ్యా, ఇటు రా! ఒక్కసారి వచ్చి చూడు దీన్ని!"

షెడ్డు గుమ్మంలో కుట్టుమిషను ముందు కూర్చుని బళ్ల సీటు కవర్లు కుట్టే అత్తగారు తల కూడా ఎత్తలేదు.

"పెళ్లిలో నా కొడుకు ముఖం కూడా ఇంత పరీక్షగా చూడలేదే నువ్వు."

"చూసుంటే బేరమాడేదాన్ని."

"ఆడేదానివే. నీ సంగతి నాకు తెలీదూ!"

ఆ కొడుకు లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. పెళ్లైన కొత్తలో అతను ఊళ్లో లేనప్పుడు, మూల పడున్న పాత గేరుబాక్సును ఈమె ఒక్కతే విప్పి, తిరిగి బిగించింది. చివరికి ఒక బోల్టు మిగిలింది. చూసినవాళ్లంతా నవ్వి, "ఒక్కటే కదా, పారేయ్" అన్నారు. ఆమె పారేయలేదు. ఆ బోల్టు చోటు దొరికేదాకా మళ్లీ అంతా విప్పింది. బోల్టక్క అన్న పేరు అప్పుడు పడింది. ఎవరూ నేర్పకుండానే ఈ షెడ్డు కూడా అలాగే నిలబడింది.

ఇప్పుడు తొట్టిలో ఉన్నది పాత వించ్. బురదలో దిగబడిన బండి, ముందున్న చెట్టుకో బండకో తాడు కట్టి తనను తానే బయటికి లాక్కోవడానికి ముందు బిగించుకునే యంత్రం. ఇది కలప లారీకి ఉండేదట. పాత ఇనుప సామాన్ల పెద్దాయన "నచ్చకపోతే వెనక్కిచ్చెయ్ అమ్మాయ్" అని ముందురోజు ఇచ్చి పంపాడు.

వించ్ కావాలని అడిగినవాడు తేనెలాయన. తేనెటీగల పెట్టెలు పెట్టుకుని బతికేవాడు. కొండ మీద పూత మొదలయ్యే వేళకు పెట్టెలన్నీ తన జీపులో పైకి చేర్చాలి. ఈగలన్నీ గూటికి చేరాక, సాయంత్రం పెట్టెల మూతులు మూసి బయలుదేరాలి. ఎండెక్కకముందే పైన తెరవాలి. కిందటేడు మట్టిదారిలో జీపు దిగబడిపోయింది. ట్రాక్టరు దొరికేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మూసిన పెట్టెల్లో వేడికి ఈగలు ఉడికిపోయాయి.

"ఒక్కో పెట్టె మీద చెవి పెట్టి చూశానక్కా," అన్నాడు. "మోత వినపడలేదు."

పైన మళ్లీ పూత విరిసింది. దారిలో వాన కూడా పడింది. ఈ సాయంత్రమే పెట్టెలు కదలాలి. పెద్ద షాపులో మెరిసే కొత్త వించ్ చూసొచ్చాడు. అది కొనాలంటే, అది కాపాడాల్సిన పెట్టెలనే అమ్ముకోవాలి.

"దానికన్నా మంచిది, దానిలో పావు ధరకి తెస్తా, చూడు," అని బోల్టక్క మాటిచ్చింది. అందుకే పొద్దున్నించీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

గేర్లకు గ్రీజు పట్టించింది. మందపాటి ఛానెల్ ఇనుము కోసి బంపరు వెల్డింగు చేసింది. ఇద్దరు కూలీలు "అమ్మో" అంటూ వించ్‌ను ఎత్తి పట్టుకుంటే తను కింద పడుకుని బిగించింది. లేచి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. జీపు ముందు నల్లగా, బరువుగా, పట్టుదలగా కూర్చుంది వించ్. తేనెలాయన చేతులు రుద్దుకున్నాడు.

"అక్కా, ఏనుగునే లాగేట్టుంది!"

అత్తగారు కళ్లజోడు పైకి నెట్టి జీపును పక్కనుంచి చూసింది.

"ఏనుగుని ముక్కు మీద కూర్చోబెట్టినట్టుంది. ఏమే, నీ జీపేంటి నేలని వాసన చూస్తోంది?"

"నీ కళ్లజోడు వంకర, అత్తయ్యా. ఎక్కు, చూద్దువుగాని!"

ముగ్గురూ ఎక్కారు. ఇటుకల బట్టీ వెనక మట్టి తవ్విన గుంట ఒకటుంది. వాన పడితే జిగురు బంక. తను బాగు చేసిన ప్రతి జీపునూ బోల్టక్క అక్కడే పరీక్షిస్తుంది. ఈ జీపు కూడా బ్రేకులు మార్చినప్పుడు ఆ గుంటను సునాయాసంగా దాటింది.

ఈసారి దాటలేదు. సగం దూరం పోకముందే ముందు చక్రాలు బంకలోకి కూరుకుపోయాయి.

"భలే! ఇదే కావాలి!" తేనెలాయన దూకి తాడు లాక్కెళ్లి గట్టు మీది చెట్టుకు కట్టాడు. బోల్టక్క మీట నొక్కింది. గేర్లు గంభీరంగా తిరిగాయి. జీపు బురదను చీల్చుకుంటూ గట్టెక్కింది. బట్టీ పనివాళ్లు ఈలలేశారు. తేనెలాయన చప్పట్లు కొట్టాడు.

బోల్టక్క మాత్రం జీపు దిగబడిన చోటునే చూస్తూ నిలబడింది. ముందు చక్రాలు ఆగిన చోట గాడి మోకాటి లోతు. వెనక చక్రాలు ఆగిన చోట జానెడైనా లేదు.

"బాగానే లాగింది," అంది నెమ్మదిగా. "ఇంతకీ ఇక్కడ ఎందుకు దిగబడ్డాం?"

"బురద కదక్కా!"

"ఈ బురదలో ఈ బండి ఎప్పుడూ దిగబడలేదు." వంగి ముందు కమాన్లు చూసింది. విల్లులా ఉండాల్సిన పట్టీలు బల్లపరుపుగా అణిగిపోయాయి. "అత్తయ్యా, నీ కళ్లజోడు సరిగ్గానే ఉంది. బరువంతా ముక్కు మీద పెట్టా. నేనే దించేసి నేనే లాగుతున్నా."

"వైద్యుడే జ్వరం తెచ్చిపెట్టినట్టు," అంది అత్తగారు. గెలిచినా పెద్దగా నవ్వలేదు. కోడలి ముఖం చూసింది.

"లాగుతోంది కదా, ఉండనీ అక్కా! సాయంత్రానికి బయలుదేరాలి," అని తేనెలాయన బతిమాలాడు.

"దారిలో ప్రతి బురదలోనూ దిగి తాడు కడతావా? తెల్లారేలోపు కొండెక్కుతావా? నా ముచ్చట కోసం నీ ఈగల్ని ఉడకబెట్టను. పద, షెడ్డుకి."

విప్పడం బిగించడం కన్నా త్వరగా అయింది. అంత అందమైన గేర్లను వదులుకోవడానికి మనసొప్పక, ఇంకోసారి గ్రీజు పూసి, గోనె చుట్టి మరీ పెద్దాయనకు తిరిగిచ్చింది. ఆయన గోనె తీసి చూసి, "ఇంత శుభ్రం చేశావా! ఏదైనా లారీవాడు కళ్లకద్దుకుని తీసుకుపోతాడు," అని నవ్వాడు. ఆ కష్టానికి బదులు కొట్టులోంచి ఆమెకు నచ్చినదేదైనా తీసుకోమన్నాడు. ఆమె ఒక ఉక్కు గిలక ఏరుకుంది. అరచేతి వెడల్పు, పక్కకు తెరుచుకునే కొక్కెం గిలక. ఇరుసు ఊగుతోందేమోనని చెవి దగ్గర తిప్పి చూసింది. చప్పుడు లేదు. ఆమె కళ్లలో మళ్లీ మెరుపు.

"తమ్ముడూ, ఇప్పుడు దొరికింది దారి!" అంది వెంట వచ్చిన తేనెలాయనతో.

పెద్ద షాపుకి పరుగు. మెరిసేవాటి వైపు చూడకుండా, కింది వరసలో ఉన్న బుల్లి వించ్‌ను దించమంది. ఒంటి చేత్తో ఎత్తి బరువు చూసింది.

"అక్కా, ఇది మీ జీపుకి చాలదు," అన్నాడు షాపతను. "దీని అట్టపెట్టె మీద రాసిన బలం కూడా డ్రమ్ము మీద తాడు ఒక్క వరస ఉన్నప్పుడే వస్తుంది. చుట్లు పేరుకునేకొద్దీ తగ్గుతుంది."

"నిజం చెప్పావు, నీ దగ్గరే కొంటా. మూత విప్పనిస్తావా?"

అతను ఉత్సాహంగా తనే విప్పాడు. లోపల బ్రేకు చూసింది. బ్యాటరీ తగిలించి తిప్పించి, మీట వదలగానే డ్రమ్ము టక్కున నిలుస్తోందో లేదో చూసింది. నిలిచింది. రంగు దీపాలూ, దూరం నుంచి నొక్కే మీటలూ ఏవీ వద్దంది. ఆ ధర విని తేనెలాయన రెండోసారి అడిగి మరీ నమ్మాడు.

షెడ్డుకొచ్చి మందపాటి బంపరు కోసి పారేసింది. వించ్‌ను బయటికి వేలాడదీయకుండా, చాసీ రెండు పట్టీల మధ్య, చక్రాల ఇరుసుకు వీలైనంత దగ్గరగా బిగించింది. అత్తగారు పక్కకు వెళ్లి చూసింది.

"ఇప్పుడు తలెత్తుకుంది."

ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు, బోల్టక్క జీపు నిండా ఇటుకలెక్కించి మళ్లీ గుంటకు తోలింది. అంత బరువుతోనూ జీపు మొదటిసారి దాటేసింది! ఇక కావాలనే అన్నిటికన్నా లోతున్న మూలకు దింపి ఆపేసింది. బుల్లి వించ్ మూలిగింది, వణికింది, జీపు కదల్లేదు. తేనెలాయన ముఖం వాడిపోయింది.

"ఆగు, ఇంకా అయిపోలేదు." గట్టు మీది చెట్టుకు ఒక పట్టా చుట్టి, గిలకను దానికి తగిలించింది. తాడును గిలక చుట్టూ తిప్పి, కొసను వెనక్కి తెచ్చి జీపు కొక్కేనికే వేసింది. "ఇప్పుడు రెండు తాళ్లు లాగినట్టు. సగం వేగం, రెట్టింపు బలం. పైగా తాడు ఎక్కువ బయటికొచ్చి, డ్రమ్ము మీద చుట్లు తగ్గుతాయి. ఇంజను ఆన్‌లోనే ఉంచు, లేకపోతే బ్యాటరీ చస్తుంది. నొక్కు!"

నత్త నడిచినట్టు కదిలింది జీపు. బురద చక్రాల్ని వదల్లేక వదల్లేక చప్పరించింది. ఇటుకలతో సహా గట్టెక్కి నిలబడింది.

"పిట్ట కొంచెం, కూత ఘనం!" అని అరిచింది అత్తగారు, తనే లాగినంత సంబరంగా. బట్టీ పనివాళ్ల ఈలలు ఈసారి ఆగలేదు. బోల్టక్క బురద చేతులతోనే అత్తగారిని వాటేసుకుంది.

"చీర, చీర!"

"కొత్తది కొనిపెడతాలే!"

తేనెలాయన ఇటుకలు దించి, పెట్టెలెక్కించుకోవడానికి జీపు తోలుకుపోయాడు. కొండదారికి షెడ్డు ముందు నుంచే పోవాలి. ఈలోగా బోల్టక్క గిలకను కడిగి, కొత్త గ్రీజు నింపింది. అత్తగారు మిగిలిన సీటు కవరు గుడ్డతో బరువైన సంచి కుట్టి, ఇసుక పోసి మూతి కుట్టేసింది.

చీకటి పడుతుండగా జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఇంజను ఆపినా మోగుతూనే ఉంది. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది.

"కుట్టవు పిన్నీ, మూతులు మూసున్నాయి."

"అవి మూసుకున్నాయిలే, నీది మూసుకుని బయలుదేరు," అంటూనే సంచి అందించింది. "లాగేటప్పుడు తాడు మీద ఇది వెయ్యి. తాడు తెగినా మీదికి ఎగరదు, కింద పడుతుంది."

బోల్టక్క ఒక పెట్టె మీద చెవి పెట్టింది. లోపల వేల రెక్కల మోత, సన్నగా, ఎడతెగకుండా. గేర్ల చప్పుడు వినే చెవితోనే కాసేపు విన్నది. తర్వాత నిటారుగా నిలబడి గిలకను అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో. సీటు కిందే ఉంచు. అవసరం పడకపోతే ఇంకా మంచిది."

అతను తలూపి, కీ తిప్పాడు. జీపు నిండు బరువుతో, ముక్కు పైకెత్తుకుని, కొండదారిలోకి తిరిగింది.