మూడో సిలిండర్ తీగ

మొన్న ఢిల్లీ సాకేత్‌లో అక్క వాళ్లింట్లో హాలు స్విచ్చి పాడైతే, స్క్రూడ్రైవర్ పక్కనే ఉన్నా ఆమె ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, తీగల పని నా చేతికి అచ్చిరాదురా అని నవ్వింది. తప్పు ఆమె చేతిది కాదు. ఎనభైల్లో నేను చెప్పకుండా మింగేసిన ఒక్క మాటది.

స్కూటర్ కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి, మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు కేంద్ర ప్రభుత్వ ఇంజనీరైన మా బావ, గుర్గావ్ దారిలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా రెండు సీట్ల విమానం తయారుచేస్తుండేవాడు. నేను కాలేజీ చదువుకని వచ్చి సరోజినీ నగర్‌లో వాళ్ల క్వార్టర్‌లోనే ఉండేవాణ్ణి కాబట్టి, నా ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచేవి. ఇంజన్ వేడి చూపించే సెన్సర్లు బిగించే పని మాత్రం, ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసే అక్కది. నాలుగు సిలిండర్లు, ఒక్కో స్పార్క్ ప్లగ్గు కింద ఉంగరంలాంటి సెన్సర్, దాన్నుంచి నాలుగు సూదుల మీటరు దాకా ఒక్కో జంట తీగ. కొంగు నడుముకు దోపి ఆమె సాల్డరింగ్ చేస్తుంటే బావ స్నేహితులు పని ఆపి చూసేవారు. తీగలు ఇంత పొడవెందుకని అడిగితే, "పొడవు కూడా మీటరు లెక్కలో భాగమేరా. మిగిలింది చుట్టి కట్టు, కత్తెర మాత్రం పెట్టకు" అంది.

నేను పెట్టాను. ప్యానెల్ వెనక ఆ చుట్టలు అసహ్యంగా కనిపించి, మూడో సిలిండర్ తీగను రెండు మూరలు కత్తిరించి, చివర నేనే సాల్డరింగ్ చేశాను. మిగతావి ముట్టుకునేలోపు అక్క టీ పట్టుకొచ్చింది.

ఇంజన్ నడిపితే మూడో సిలిండర్ ఒక్కటే మాడిపోతున్నట్టు మీటరు చూపించింది. బావ రెండు వారాలు రేకులు విప్పి, గాలి దారులు మార్చి, చివరికి ఆ అతుకు చూసి స్నేహితుల ముందే, "అచ్ఛా, ఇదా సంగతి! మీ అక్క చెయ్యి పులిహోరకే సరిరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క సాల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, చల్లారేదాకా చూసి, డబ్బాలో పెట్టేసింది. మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.

తర్వాతి ఆదివారం, స్పేరుగా ఉన్న తీగను నేను పూర్తి పొడవుతో బిగిస్తే, మూడో సూది మిగతా మూడింటి సరసన నిలిచింది. శభాష్ బామ్మర్దీ అని బావ నా భుజం తట్టాడు.

ఆ విమానం ఎగిరింది. చలికాలం పొద్దున, పొగమంచు విడిపోయాక, పచ్చటి ఆవపూల మీదుగా చుట్టు తిరిగి వచ్చి దిగింది. దిగగానే బావ చెప్పిన మొదటి మాట, నాలుగు సూదులూ చెదరలేదని. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. ఆ నాలుగు తీగల్లో మూడు అక్క బిగించినవి, బిగించింది బిగించినట్టే చివరిదాకా పనిచేశాయి. ఇప్పటి కార్లు వేడెక్కితే వాటంతటవే చెబుతాయి, లోపల ఎవరి చెయ్యి పడిందో ఎవరికీ తెలియదు. మా షెడ్డులో ప్రతి అతుకుకూ ఒక మనిషి పేరుండేది. ఆ పేరునే నేను మార్చేశాను.

మొన్న అక్క వాళ్లింట్లో కూర్చున్నప్పుడు ఎలక్ట్రీషియన్ ఇంకా రాలేదు. బావ సోఫాలో పేపరు చదువుకుంటున్నాడు. మూడో సిలిండర్ తీగ కత్తిరించింది నేనని, ఆ అతుకు నాదని అక్కకు చెప్పాను. పేపరు చప్పుడు ఆగిపోయింది.

"ఎంత కత్తిరించావు?" అంది అక్క.

"రెండు మూరలు."

ఆమె కాసేపు మనసులో లెక్క వేసుకుంది. "తీగ అంత పొట్టిదైతే అంత వేడీ చూపిస్తుంది మరి" అంది మెల్లగా.

క్షమించక్కా అన్నాను, బావ ఎదురుగానే.