రోడ్డు కనిపించే కిటికీ

నేను ఇప్పటిదాకా కట్టిన ఇళ్లలో ఒక్కటీ కూలలేదు. కూలడానికి వాటిలో ఒక్కటైనా నేల మీద ఉంటేగా! ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద త్రిభుజం గీయమంటే నాలుగు గీతలు గీసి, ఆయన బయటికి పొమ్మంటే వచ్చేసినవాణ్ణి, మళ్లీ లోపలికి పోలేదు. అలాంటివాడి చేతికి ఇంజినీర్లు గీసిన ప్లాన్లు ఇచ్చి, కట్టాక ఇల్లెలా ఉంటుందో కంప్యూటర్లో చూపించమంటున్నారంటే, నరసరావుపేట జనం ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే.

జిరాక్సు కొట్టు మేడ మీద ఒక గది, ఒక కంప్యూటరు, కదిలితే కీచుమనే కుర్చీ. ఇదీ నా సంస్థ. అంతకు ముందు ఫ్లెక్సీల కొట్లో పని చేశాను. పుట్టినరోజు నాయకుడి మొహం తెల్లగా చేయడం, చుట్టూ ఉన్న అనుచరుల తలలు ఎవరి హోదాకు తగ్గట్టు వారికి పెంచడం, కుదించడం. తలలు అతికించి అతికించి విసుగొచ్చి, ఫోన్లో వీడియోలు చూసి కంప్యూటర్లో గోడలు లేపడం నేర్చుకున్నాను.

మిరప కోతల రోజుల్లో ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. శావల్యాపురం వైపు పల్లెటూరు. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. చంకలో బట్టల షాపు సంచి, అందులో చుట్ట చుట్టిన ప్లాను కాగితాలు.

“తమ్ముడా, ఇల్లు చేస్తావంటగా?”

“చేస్తానక్కా. కరెంటు ఉన్నంతసేపూ నిలబడుద్ది.”

“నవ్వించింది చాల్లే, ముందు ఇది చూడు.”

చూశాను. తూర్పు ముఖం ఇల్లు. ఏళ్ల కిందట, భార్యాభర్తలిద్దరూ కలిసి ముచ్చటపడి ఇంజినీరు చేత గీయించుకున్నది. రోడ్డు పక్కన స్థలం ఆమె పేరునే ఉంది, వాళ్ల నాన్న రాసిచ్చాడు. ఇప్పుడు భర్త సర్పంచిగా నిలబడాలనుకుంటున్నాడు. ఆ ఖర్చుకు స్థలం అమ్ముదామని, సంతకం పెట్టమని రోజూ పోరు.

“ఈ ఇల్లు కళ్లతో చూస్తే మీ బావ మనసు మారుద్దేమోనని వచ్చా. కాగితాల మీద ఆయనకు గీతలే కనపడతన్నాయి. నువ్వు గోడలు చూపియ్యి. మారకపోతే ఇంక నా వల్ల కాదు, సంతకం పెట్టేస్తా.”

అంత పని నా మీద ఎవరూ పెట్టలేదు అంతవరకూ. మామూలుగా అయితే రెండు రోజుల్లో ముగించి పంపేవాణ్ణి. దీనికి మూడు వారాలు కూర్చున్నాను. బయటి గోడలు తొమ్మిదంగుళాల మందం, లోపలివి నాలుగున్నర, ప్లాన్లో ఉన్నది ఉన్నట్టు లేపాను. మెట్ల దగ్గర ఆగిపోయాను. ఒక కాగితంలో పదహారు మెట్లు, ఇంకో కాగితంలో పదిహేను. ఆ పదహారో మెట్టు ఎక్కితే శ్లాబును తలతో పగలగొట్టాలి. తీసేశాను. ఇంజినీరు చేసిన తప్పు పట్టుకున్నానని ఆ వారమంతా టీ కొట్లో చెప్పుకున్నాను.

ఆమె బస్సెక్కి వచ్చినప్పుడల్లా ఒక మార్పు చెప్పేది. నేలకు టైల్సు వద్దు, మాచర్ల నాపరాళ్లు కావాలంది. ఫోన్లో రాయి ఫొటో తీసి తెచ్చి, ఇదే రంగు అంది. పొయ్యి గట్టు తన మోచేతి దాకా ఉండాలని గోడకు ఆనుకుని నిలబడి కొలత ఇచ్చింది. ఆగ్నేయంలో వంటగది, అంటే ఇంటి ముందు వైపే. అక్కడ ప్లాన్లో ఉన్నది అరచేతంత వెంటిలేటరు.

“అది తీసేసి పెద్ద కిటికీ పెట్టు తమ్ముడా. వంట చేస్తా రోడ్డు మీద పోయేవాళ్లను చూడాల.”

“ఎవరెవరు అప్పడగటానికి వస్తన్నారో ముందే తెలుసుకుని తలుపేసుకోటానికా?”

“పెళ్లయిన కాడి నుంచీ గోడను చూస్తా వండా. చాలదా?”

ఇక మాట్లాడకుండా పెద్ద కిటికీ పెట్టాను. రోడ్డు బాగా కనపడాలని రెక్కలు కూడా పెట్టలేదు. గుమ్మంలో ఒక మనిషి బొమ్మ నిలబెడితే ఇంటి కొలత తెలుస్తుంది. తన ఫొటో ఇచ్చింది. చీర చెంగు నడుముకు దోపుకుని ఉన్నది.

చివరి రోజు ఇంటి లోపల నడిపించి చూపించాను. “ఇదేంది, అటక మీద నుంచి చూస్తన్నట్టుంది?” అంది. నిజమే, నా ఎత్తుకు పెట్టాను చూపు. ఆమె పొట్టి. కిందికి దించాను. గట్టు మోచేతి దగ్గరికి వచ్చింది, కిటికీలో రోడ్డు వచ్చింది. ఆమె తెర దగ్గరికి వంగి, ఆ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేలు జరిపింది.

మర్నాడు భర్త ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ తెల్ల చొక్కా. రెండుసార్లు తిప్పి తిప్పి చూశాడు.

“చానా బాగుందిరా అబ్బాయ్. నువ్వు ఫ్లెక్సీలు చేసినోడివేగా? గుమ్మంలో మీ అక్కను తీసేసి నన్ను నిలబెట్టు. దండం పెడతన్నట్టు ఉండాల. నా ఫోనుకు పంపు.”

తన ఇంటి గుమ్మంలో తాను నిలబడాలనుకుంటున్నాడంటే, ఇల్లు కట్టే ఉద్దేశం ఉన్నట్టే కదా? నేనలాగే అనుకున్నాను. మన పాత విద్యే కదా అని పది నిమిషాల్లో ఆమెను తుడిచేసి ఆయన్ను పెట్టాను. అడగకపోయినా మొహం కాస్త తెల్లగా కూడా చేశాను. పంపి, మనసు మార్చేశానని కుర్చీలో గిర్రున తిరిగాను. అది కీచుమంది.

రెండు వారాల తర్వాత వినుకొండ బస్సులో పోతుంటే, వాళ్ల ఊరి అడ్డరోడ్డు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కనపడింది. నేను చేసిన ఇల్లు, గుమ్మంలో దండం పెడుతూ ఆయన. కింద, తనను గెలిపిస్తే గూడు లేని ప్రతి కుటుంబానికీ ఇలాంటి ఇల్లే ఇప్పిస్తానని. గాలికి చిరగకుండా ఫ్లెక్సీకి అక్కడక్కడా కోతలు పెడతారు. వాటిలో పెద్దది సరిగ్గా వంటగది కిటికీలో పెట్టారు.

దిగి ఆమెకు ఫోన్ చేశాను.

“అక్కా, సంతకం పెట్టావా?”

“పెట్టా. నువ్వు చేసిన బొమ్మ చూపించే పెట్టించుకున్నాడు తమ్ముడా. గెలిస్తే ఇదే ఇల్లు, ఇంకో అంతస్తు వేసి కడతానన్నాడు.” అంతలోనే అడిగింది. “అవునూ, గుమ్మంలో నేనుండాలిగా, ఏడికి పోయా?”

ఎవరేమన్నా తిప్పి ఒక మాట అనగలనని నాకు పేరు. ఆ రోజు సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆయన ఓడిపోయాడు. స్థలం కొన్నవాళ్లు దాని చుట్టూ ముళ్ల కంచె వేశారు. ఆమె మళ్లీ మా మెట్లెక్కలేదు. ఎక్కి ఏం చేస్తుంది?

వానలు పడ్డాక ఒక ఆదివారం నేనే వెళ్లాను. గుమ్మంలో మళ్లీ ఆమెను నిలబెట్టి, ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. దాంతో ఏం సర్దుకుంటుందని తీసుకుపోయానో నాకే తెలియదు. భర్త ఇంట్లో లేడు. పెరట్లో వంట వసారా కింద పొయ్యి ముందు కూర్చుని ఉంది. వసారా రేకులు పగిలితే, వాటి బదులు ఆ ఫ్లెక్సీనే బొమ్మ లోపలికి వచ్చేలా కర్రలకు కట్టారు. ఆమె తల మీద నా ఇల్లు. దండం పెడుతున్న ఆయన తలకిందులుగా వేలాడుతున్నాడు. సన్నగా జల్లు పడుతోంది.

ఫ్రేము చూసి చేతులు తుడుచుకుని తీసుకుంది, తడవకుండా బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఏదో ఒకటి అనాలి గనుక అన్నాను.

“మొత్తానికి ఆ ఇంటి కిందే కాపురం పెట్టావుగా అక్కా.”

ఆమె పొయ్యిలో పుల్ల ముందుకు తోసి, తల పైకెత్తి, ఫ్లెక్సీలో వంటగది కిటికీ దగ్గర కోసిన చోటు నుంచి పడుతున్న ధారను చూసింది.

“పెట్టాన్లే గానీ తమ్ముడా, అంత పెద్ద కిటికీ పెట్టినోడివి, దానికి రెక్కలెందుకు పెట్టలేదు? వానంతా పొయ్యిలోనే పడతంది.”