జలపాతానికి అద్దె మాట్లాడిన పూట

అశోక్‌నగర్‌లో మా మేడ మీది గదులు ఉద్యోగ పరీక్షలకు చదివే ఆడపిల్లలకు అద్దెకిస్తాను. ఎవరికి ఇల్లివ్వచ్చో, ఎవరికి ఇవ్వకూడదో ఒక్క మాటతో పోల్చుకోగలనని నాకు పేరు. ఆ పేరు పెట్టుకున్నది నేనే.

పోయినేడు ఒక గదిలో అడవి పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. పొద్దస్తమానం ఫోన్లోనే. "చదవడానికి వచ్చావా, బేరాలాడ్డానికి వచ్చావా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"రెండిటికీ ఆంటీ," అని నవ్వింది. వాళ్ల ఊరి జలపాతం దగ్గర ఊరివాళ్లే కలిసి గుడిసెలు కట్టారట. శని ఆదివారాల్లో పట్నంవాళ్లు వచ్చి వాటిలో అద్దెకు ఉంటారు. వాళ్లకు వంట ఇంటింటికీ వంతు. వండిన ఇంటికి కూలి, మిగిలింది ఊరి ఖాతాకి. పట్నంవాళ్లతో మాట్లాడాలంటే ఊళ్లో అందరికీ మొహమాటం కనక, ఫోన్లు ఈ పిల్లకే వస్తాయి. "గిప్పుడు మా ఊరోళ్లు పత్తి ఏరనీకి వేరే జిల్లాకు పోవుడు బందైంది ఆంటీ," అంది.

పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు. అందుకని పరీక్ష రోజు పొద్దున దాన్ని నా చేతిలో పెట్టింది. "ఈ వారం వంతు మా అమ్మది ఆంటీ. ఎవరన్న చేస్తే జర మంచిగ మాట్లాడుండ్రి. ఎవలు రాకపోతే అమ్మకు కూలి లేదు."

ముప్పై ఏళ్లుగా ఇల్లు అద్దెకిస్తున్నదాన్ని. మాట్లాడటం నాకు నేర్పాలా?

మొదటి ఫోను ఏదో ఆఫీసు కుర్రాళ్లది. ఆరుగురట. "మగపిల్లలకు ఇవ్వమండీ," అన్నాను అలవాటుగా.

"అడవిలో కూడానా?"

"ఎక్కడైనా అంతే."

తర్వాత ఒక జంట. పెళ్లయిందో లేదో చెప్పకుండా నసిగారు. ఒకసారి అమ్మానాన్నల్ని తీసుకుని రండి, మాట్లాడదాం అన్నాను. చివరికి ఒక పెద్ద కుటుంబం చేసింది. పద్ధతైన వాళ్లే. నచ్చారు కూడా. ఎక్కడ పనిచేస్తారు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు అని అడుగుతుండగానే లైను తెగింది. ఊరి పరువు నిలబెట్టానన్న తృప్తితో కాఫీ పెట్టుకున్నాను.

అమ్మాయి సాయంత్రం వచ్చింది. జరిగిందంతా వరసగా, కాస్త గర్వంగానే చెప్పాను. భుజాన సంచి కూడా తీయకుండా మెట్ల మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. నాకు చాలా కష్టంగా అనిపించింది.

మాట మార్చాలని, "పరీక్షలో ఏమొచ్చింది?" అన్నాను.

"ఊరోళ్లే నడుపుకునే పర్యాటకంతోటి ఊరికేం లాభమో రాయమన్నరు ఆంటీ. మస్తు రాసిన. ఇంటికాడనే పని దొరుకుతదని, ఆడోళ్ల చేతికి పైసలొస్తయని."

నా చేతిలోంచి ఫోను తీసుకుని ఇంటికి కలిపింది.

"అమ్మా, కోళ్లు కొనకు. ఈ వారం ఎవలు వస్తలేరు."